అరకు సంతలో సీమ సరుకు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న ఈ మధ్య మాటిమాటికీ కనిపిస్తోంది. "డాక్టరు గారూ! ఒంటికి మంచిదని విదేశాల తిండి తినమంటున్నారు. ఓట్లు, ఆలివ్ నూనె, కినోవా, ఇంకా నోరు తిరగని పేర్లున్న గింజలు ఏవేవో చెబుతున్నారు. మా సంపాదనకు అవి అందవు. అయితే మాకు ఆరోగ్యం రాసిపెట్టి లేదా?" అని కొందరు. "రోజూ అవే కూరలు, అవే చారు. పిల్లలు విసుక్కుంటున్నారు. కొత్త రుచి కావాలంటే హోటలుకే పోవాలా?" అని మరికొందరు గృహిణులు.

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే. అయితే మందుల చీటీ రాసినట్టు రెండు ముక్కల్లో చెబితే మీకు నమ్మకం కుదరదు. మిమ్మల్ని నాతో బాటు రైలెక్కించి అరకు లోయ దాకా తీసుకుపోవాలి. అంతకు ముందు నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు ఒప్పుకోవాలి.

నేను రాసిన తప్పు చీటీ

నేను సర్కారు డాక్టర్ని. సర్వీసు పాతికేళ్ళు దాటింది. పొద్దున ఓ.పి. మొదలయ్యేసరికి వరండా నిండిపోతుంది. ఒక్కొక్క మనిషికి రెండు మూడు నిమిషాలకంటే దక్కవు. అలాంటి ఒకరోజున ఒక రిటైరయిన అటెండరు వచ్చాడు. అరవై రెండేళ్ళు. రక్తపోటు ఉంది, షుగరు కొత్తగా బయటపడింది. మందులు రాసి ఇచ్చాను. వెళ్ళబోతూ, "తిండి ఏటి తినమంటారు బాబూ?" అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే అడిగాడు. నేనే చెప్పవలసిన రీతిలో చెప్పలేదు. నా బల్లమీద ఎవరో ఇచ్చిపోయిన ఆహార పట్టిక ఒకటి ఉంది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. తల పైకెత్తకుండానే, "పొద్దున ఓట్లు తినవయ్యా. వంటకి ఆలివ్ నూనె మంచిది" అనేసి తరువాతి మనిషిని పిలిచాను.

మూడు నెలలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకు వచ్చాడు. ఆయన షుగరు తగ్గలేదు. ఓట్లు ఎలా తింటున్నావంటే, గ్లాసుడు పాలు పోసి, చప్పగా ఉంటుందని రెండు చెంచాల పంచదార వేసుకుంటున్నాడట! నేను చీవాట్లు పెట్టబోతుండగా పక్కన నిలబడ్డ ఆవిడ మీద నా చూపు పడింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కంటిరెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. అప్పటికప్పుడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 అని తేలింది. ఆ వయసు స్త్రీకి 12 ఉండాలి.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగాను.

"నాకేటి బాబూ, ఏదో ఓటి తింతాను. ఆయన డబ్బాలకే అయిపోతన్నాయి డబ్బులు. కూరలు కొనడం తగ్గించీసినాం. గంజిలో ఉప్పేసుకుంటే నాకు సాలు" అంది.

పాఠకులారా! ఆ మాట విన్నాక నేను చాలాసేపు తలెత్తలేకపోయాను. ఒక మనిషి ఆరోగ్యం కోసం నేను ఇచ్చిన సలహా ఇంకో మనిషి కంచంలో కూరను తీసేసింది. ఓట్లు చెడ్డవని నేను అనను. అందులోని పీచు కొలెస్టరాలును కొంత తగ్గిస్తుంది. ఆలివ్ నూనె కూడా మంచిదే. కానీ ఆ ఇంటికి అవి మంచివి కావు. ఇల్లు చూడకుండా, సంత చూడకుండా, ఋతువు చూడకుండా తిండి చెప్పిన డాక్టరుది సగం వైద్యమే.

ఆవిడకు ఇనుము మాత్రలు రాశాను. నెలసరి ఆగిపోయిన వయసులో రక్తం ఇంతగా తగ్గితే తిండి లోపమని సరిపెట్టుకోకూడదు సుమండీ! కడుపులో పుండో, మొలలో, పేగుల్లో మరేదైనా జబ్బో ఉండి రక్తం పోతోందేమో చూడాలి. ఆ పరీక్షలన్నీ చేయించాను. అదృష్టవశాత్తూ పెద్ద జబ్బేమీ బయటపడలేదు. "తిండి సంగతి వచ్చే వారం చెబుతాను" అని పంపించాను. ఏం చెప్పాలో నాకు ఆ రోజు తెలియలేదు.

సొరంగాల దారిలో

ఆ వారంలోనే అరకు ప్రాంతంలో వైద్య శిబిరానికి నన్ను వేశారు. మార్గశిర మాసం. తెల్లవారుజామున విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. కొత్తవలస, శృంగవరపుకోట దాటితే రైలు కొండెక్కటం మొదలుపెడుతుంది. ఒక సొరంగంలోంచి బయటపడి ఊపిరి పీల్చుకునే లోపల ఇంకొకటి. పిల్లలు లెక్కపెట్టటం మొదలుపెట్టి యాభై దాకా వచ్చేసరికి తప్పిపోతారు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగుడ... ఒక్కొక్క స్టేషనుకూ చలి ఒక్కొక్క మెట్టు పెరుగుతుంది.

ఈ లైను 1960లలో వేశారు. బస్తరు కొండల్లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కడినుంచి ఓడల మీద జపానుకు పంపటానికి వేసిన లైనిది. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బండి పోతూ ఉంటే నాకు ఆ ముసలమ్మ కనురెప్ప గుర్తుకొచ్చింది. బళ్ళకొద్దీ ఇనుము ఈ కొండల మీదుగా దేశాలు దాటి పోయింది. దారి పొడవునా ఉన్న ఊళ్ళలో ఆడవాళ్ళ రక్తంలో మాత్రం ఇనుము లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైమాటే!

అరకు చేరేసరికి ఎండ పొడ వచ్చింది. లోయ నిండా వలిసెల పూలు. పచ్చటి పసుపు ఆరబోసినట్టుంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ చేలల్లో నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. నేను శిబిరం ముగించుకుని, మధ్యాహ్నం వారపు సంతకు నడిచాను.

సంతలో ఒక గంట

మీలో సంత చూడనివారు ఉంటే ఒక్కసారి చూడండి. కొండల మీది ఊళ్ళనుంచి తెల్లవారకముందే బయలుదేరి, కావడి వేసుకుని కొందరు, తలమీద బుట్ట పెట్టుకుని కొందరు దిగి వస్తారు. దుకాణం అంటే నేలమీద ఒక గోనెపట్టా. దానిమీద కుప్పలు. తూకం కొన్నిటికే. మిగిలినవి సోలతోనూ, తవ్వతోనూ కొలిచి పోస్తారు. అల్లం, పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, మిరియాలు, చోళ్ళు, సామలు, టమాటాలు, క్యాబేజీ, క్యారట్, బంగాళాదుంపలు, గుమ్మడికాయలు, జామపళ్ళు, అడ్డాకుల కట్టలు. వీటన్నిటి మధ్యా ఎర్రగా, తెల్లగా, చారలు చారలుగా రాజ్మా గింజలు.

ఒక అవ్వ ముందు కూర్చున్నాను. "అవ్వా, ఇవి ఎలా వండుతావు?" అని అడిగాను.

నన్ను చూసి నవ్వింది. ఇంత వయసొచ్చి ఇది కూడా తెలియదా అన్నట్టుంది ఆ నవ్వు. "రేత్రి నానేసి, ఆ నీళ్ళు పారబోసి, పొద్దున్న బాగా ఉడకెయ్యాల బాబూ. అల్లం, మిరపకాయ నూరి ఎయ్యాల. టమాటా ఉంటే ఎయ్యి, నేకపోతే సింతపండు. చోడి అంబలిలోకి బాగుంటాది" అంది.

ఆ వంటకం నేను మనసులోనే ఒకసారి రుచి చూశాను. చూస్తుండగా నాకు ఒక సంగతి తట్టింది. రాజ్మా గింజ పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా కొండలు. మిరపకాయ అక్కడిదే. టమాటా అక్కడిదే. చింతచెట్టు ఆఫ్రికానుంచి ఏనాడో వచ్చింది. చోళ్ళు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల పంట. వేల ఏళ్ళ కిందటే మన దేశం చేరింది. ఆ ముద్దలో అల్లం ఒక్కటే మన వైపు ఖండానిది! చదువన్నది లేని అవ్వ మూడు ఖండాల సరుకు ఒక కుండలో వండి, "ఏముంది బాబూ ఇందులో" అంటోంది. చదువుకున్న నేను నున్నటి కాగితం చూసి డబ్బా పేరు చదివాను.

చుట్టూ చూశాను. సంతంతా సీమ సరుకే. కొండవాలున పెరిగే కాఫీ మొక్క పుట్టింది ఇథియోపియాలో. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వలిసెలు కూడా ఇథియోపియావే. చోళ్ళు, వలిసెలు, కాఫీ మూడింటికీ ఆ ఎత్తు, ఆ చలి పుట్టింటిని తలపించాయేమో, ఈ కొండల్లో హాయిగా స్థిరపడ్డాయి. బంగాళాదుంప ఆండీస్ పర్వతాలది, క్యాబేజీ ఐరోపాది, క్యారట్ అఫ్ఘానిస్థాను వైపుది. గుమ్మడి, జామ, బొప్పాయి, అనాస, చిలగడదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జీడిమామిడి ఇవన్నీ అమెరికా ఖండాలవే.

సీతాఫలానికి మనం సీతమ్మ పేరు పెట్టుకున్నాం. అది కూడా అక్కడినుంచి వచ్చిందే! సంక్రాంతికి ముంగిట్లో గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పెడతాం. ఆ తీగ కూడా సముద్రం దాటి వచ్చిందే. కొలంబస్ అమెరికా తీరం చేరింది 1492లో. వాస్కోడగామా కోళికోడులో దిగింది 1498లో. ఆ తరువాత పోర్చుగీసు ఓడలు తెచ్చిన గింజలు మన నేలలో పడ్డాయి. అంటే శ్రీనాథుడి కాలానికి తెలుగు వంటింట్లో మిరపకాయ లేదన్నమాట. అప్పటికి కారమంటే మిరియమే, పిప్పలే. ఇవాళ మిరపకాయ లేని తెలుగు వంటను ఊహించగలమా?

కొన్నిటికి మనవాళ్ళు వచ్చిన దారిని బట్టి పేర్లు పెట్టుకున్నారు. బంగాళాదుంప, బెంగుళూరు వంకాయ, సీమచింత అన్నారు. కొన్నిటికి పేరే మార్చి ఇంట్లో కలిపేసుకున్నారు. మీ పోపుల పెట్టె తెరిచి చూడండి. జీలకర్ర, మెంతులు పడమటి దేశాలవి. ఎండుమిర్చి అమెరికాది. ఇంగువ ఇరాను, అఫ్ఘానిస్థానులది. దాన్ని మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లో పండించే ప్రయత్నం మొదలైంది 2020లోనే. మినప్పప్పు మాత్రం అచ్చంగా మనది. రోజూ ఉదయం మీరు వేసే పోపులో సగం ప్రపంచం చిటపటలాడుతూనే ఉంది. కొత్త రుచి కోసం హోటలుకు పోనక్కరలేదు.

సరుకు వస్తే చాలదు, తీరు రావాలి

అయితే దేశాంతరం నుంచి ఏది వచ్చినా మేలే చేస్తుందా? చెయ్యదు. దీనికి వైద్యశాస్త్రంలో ఒక పాఠం ఉంది.

మెక్సికో వాళ్ళు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసుకుంటారు. వేల ఏళ్ళుగా వాళ్ళ అలవాటది. మొక్కజొన్న ఐరోపాకు వెళ్ళింది కానీ ఆ సున్నపు నీళ్ళ అలవాటు వెంట వెళ్ళలేదు. ఇటలీలో, స్పెయిన్‌లో బీదవాళ్ళు అదొక్కటే తిని బతికారు. ఒళ్ళంతా పొలుసులు లేచి, విరేచనాలు పట్టి, మతి చలించి వేలమంది పోయారు. ఆ జబ్బే పెల్లాగ్రా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ అదే జరిగింది. కారణం నయాసిన్ అనే విటమిను లోపం. మొక్కజొన్నలో అది ఉన్నా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. సున్నపు నీళ్ళు దాన్ని విడగొడతాయి. పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉంటే కూడా లోటు తీరుతుంది. మన దగ్గర మొక్కజొన్న సంకటి తినేవారు పక్కన పప్పో, పెరుగో వదలకూడదని చెప్పేది ఇందుకే.

నా రోగి ఓట్ల కథ కూడా ఇలాంటిదే. డబ్బా వచ్చింది. తీరు రాలేదు. పంచదార వచ్చి చేరింది, కూర పోయింది. అంచేత పరదేశపు సరుకు మన ఇంటిదయ్యిందా లేదా అని తెలుసుకోవటానికి మూడు గుర్తులు చెబుతాను. ఒకటి, అది మన నేలమీద పండి, ఆ ఋతువులో చౌకగా దొరకాలి. రెండు, మన వండే తీరులోకి ఒదగాలి. మూడోది ముఖ్యం: ఇంట్లో అందరి కంచాల్లోకీ అది రావాలి.

ఇంట్లో వండుకునే తీరు

అవ్వ దగ్గర సోలెడు రాజ్మా కొన్నాను. ఇంటికొచ్చి వండించాను. మీరూ వండుకోండి. నలుగురికి నాలుగు గుప్పిళ్ళ గింజలు చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోయాలి. ఇది అవ్వ చెప్పిన మాటే కాదు, శాస్త్రం కూడా. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త నీళ్ళు పోసి కనీసం పది నిమిషాలు కుతకుతలాడే మంటమీద ఉడికించి, ఆపైన మెత్తబడేదాకా ఉంచాలి. కుక్కరైతే ఐదారు కూతలు రానివ్వండి. సన్నటి సెగ మీద గోరువెచ్చగా ఉడికించటం పనికిరాదు.

మూకుట్లో రెండు చెంచాల వేరుశనగ నూనె వేసి ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు వేయించండి. ఉల్లిపాయ, నూరిన అల్లం, వెల్లుల్లి, నాలుగు టమాటాలు వేసి మగ్గనివ్వండి. ఉడికిన గింజలు, పసుపు, కాస్త ఉప్పు వేసి దగ్గరపడ్డాక దింపండి. కొత్తిమీర చల్లి, దించిన తరువాత నిమ్మకాయ పిండండి. ఆ నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. గింజల్లోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పులుపులోని 'సి' విటమిను దాన్ని పట్టించి పెడుతుంది. కాఫీ, టీలు దీనికి ఎదురు పనిచేస్తాయి. అందుకని భోజనానికి ముందూ వెనకా ఓ గంట వాటి జోలికి పోకండి. అరకు కాఫీ ఎంత మంచిదైనా సరే!

ఇక వలిసెల పొడి. వెర్రినువ్వులు అని కూడా అంటారు. సన్నని సెగన దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు రెక్క, ఉప్పు చేర్చి దంచి పెట్టుకోండి. క్యారట్, క్యాబేజీ, బీన్స్ ఏ కూరైనా ఆవిరి మీద ఉడికించి, చెంచాడు నూనెతో పోపు పెట్టి, దింపే ముందు ఈ పొడి చల్లితే ఆ కూరకు నూనె ఎక్కువ పోశారా అనిపిస్తుంది. వలిసెలు దొరకని ఊళ్ళో నువ్వులు వాడండి. బెంగుళూరు వంకాయ ముక్కలు పెసరపప్పుతో ఉడికించి మిరియాల పొడి వేస్తే పదిహేను నిమిషాలలో పథ్యపు కూర సిద్ధం.

చోళ్ళు అన్నానని షుగరు రోగులు గ్లాసులకు గ్లాసులు జావ తాగేరు! చోళ్ళలో సున్నం, అంటే కాల్షియం, పుష్కలం. నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ మెత్తటి పిండితో కాచిన పల్చటి జావ తొందరగా అరిగి షుగరును పెంచుతుంది. సంకటిగానో, రొట్టెగానో చేసుకుని, దానికి రెట్టింపు కూర, గిన్నెడు పప్పు పెట్టుకుని తినండి. మేలు చేసేది చోళ్ళ పేరు కాదు, కంచంలోని పొత్తు.

ఏ ఋతువులో ఏది

చలికాలంలో రాజ్మా, టమాటా, క్యారట్, క్యాబేజీ, చిక్కుడు, పాలకూర చౌక. జామపండు ఈ కాలపు సంజీవి. ఒక మాదిరి పండులో మీకు రోజుకు కావలసినదానికి మించి 'సి' విటమిను ఉంటుంది. భోజనం అయ్యాక ఒక పండు తింటే పప్పులోని ఇనుముకూ సాయం.

ఎండాకాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన పుచ్చకాయ ఉంది, మన సొంత దోసకాయ ఉంది. రాత్రి కాచి పులియబెట్టిన చోడి అంబలిలో మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే ఎండకు అదే మందు. వానాకాలంలో మొక్కజొన్న పొత్తులు, గోంగూర, బెంగుళూరు వంకాయ, గుమ్మడి వస్తాయి. వానలు వెనకబడే వేళకు సీతాఫలాలు. ఏడాది పొడుగునా బొప్పాయి, చిలగడదుంప. ఎర్రటి గుజ్జున్న పండూ, దుంపా కంటిచూపుకు మంచివి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పళ్ళు కావాలి. మనం తినేది ఎంతో ఒకసారి తూచి చూసుకోండి. ఇంత కొనాలంటే ఋతువుకు వచ్చినదే కొనాలి. అకాలంలో కొంటే డబ్బూ పోతుంది, రుచీ ఉండదు.

కొన్ని జాగ్రత్తలు. ఆకుపచ్చబారిన, మొలకెత్తిన బంగాళాదుంప పారేయండి. కర్రపెండలం పచ్చిగా తినకండి. చేదున్నది అసలే వద్దు. బూజు పట్టిన వేరుశనగ కాలేయానికి శత్రువు. ఉప్పు, ఊరగాయలతో కలిపి, మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. నూనె మనిషికి నెలకు అరకిలో దాటనివ్వకండి. రకాలు మార్చి వాడుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రాజ్మా, టమాటా, దుంపలు తినేముందు తమ డాక్టరును అడగాలి. ఇంకొక్క మాట: ఏ కూర తిన్నా రక్తపోటు మాత్రలు, షుగరు మాత్రలు సొంతంగా మానకండి. తిండి మందుకు తోడు మాత్రమే.

మళ్ళీ ఆ దంపతులు

చెప్పినట్టే మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. ఈసారి నున్నటి కాగితం చెత్తబుట్టలో వేసి, వాళ్ళ ఊరి సంత ఏ రోజో, అందులో ఇప్పుడు ఏం వస్తోందో వాళ్ళనే అడిగాను. నేను చెప్పింది తక్కువ, వాళ్ళు చెప్పిందే ఎక్కువ. చివరకు ఇలా ఒప్పందం కుదిరింది. డబ్బాలు మానెయ్యాలి. ఆ డబ్బుతో వారానికి రెండుసార్లు కూరలు, అప్పుడప్పుడు గుడ్లు కొనాలి. ఇంట్లో ఒకటే వంట. ఆయనకు వేరు, ఆవిడకు వేరు లేదు. ఆయన కంచంలో అన్నం సగం తగ్గి కూర రెట్టింపవ్వాలి. ఆవిడ కంచంలో ముందు కూర పడాలి.

"ఆడదానికి ముందు కూరేటి బాబూ, నవ్వుతారు" అంది ఆవిడ.

"నవ్వితే నా చీటీ చూపించు" అని మందుల కాగితం మీదే రాసి సంతకం పెట్టాను: 'ఈమెకు కూర ముందు వడ్డించవలెను.' ఆయన నవ్వాడు కానీ కాగితాన్ని మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

నాలుగు నెలల తరువాత ఆవిడ హిమోగ్లోబిన్ 10.8కి వచ్చింది. ఇందులో పెద్ద పాలు ఇనుము మాత్రలదే. తిండి ఒక్కదానితో ఇంత తొందరగా రాదని మీకు నిజం చెప్పాలి. కానీ మాత్రలు ఆపాక రక్తం మళ్ళీ పడిపోకుండా నిలబెట్టేది కంచమే. ఆయన షుగరు కూడా అదుపులోకి వచ్చింది. వస్తూ వస్తూ ఒక గిన్నె తెచ్చారు. మూత తీస్తే రాజ్మా కూర.

"ఉప్పు సాల్లేదనుకోకండి బాబూ. మీరే తగ్గించమన్నారు" అంది ఆవిడ. పెదవుల మీద ఎరుపు తిరిగి వచ్చింది.

పాఠకులారా! ప్రపంచంలోని మంచి సరుకంతా ఎప్పుడో ఓడలెక్కి వచ్చి మన సంతల్లో దిగింది. మన తాతమ్మలు దాన్ని పోపు వేసి మనదిగా చేశారు. మీరు చెయ్యవలసింది సంచీ పుచ్చుకుని సంతకు పోవటం, ఆ వారం ఏది కుప్పలుగా వచ్చిందో అది తెచ్చుకోవటం. ఇంకొక్క పని కూడా ఉంది, దానికి డబ్బు ఖర్చు కాదు. ఇవాళ రాత్రి అందరి భోజనాలూ అయ్యాక, వడ్డించిన మనిషి కూర్చున్నప్పుడు ఆమె కంచంలోకి ఒకసారి చూడండి. అందులో కూర మిగిలిందా? మిగలకపోతే, రేపటినుంచి మీ ఇంటి వైద్యం అక్కడ మొదలుపెట్టండి.